సందెవేళ తెగే నెట్టు

2023. వానాకాలమని పేరే గాని కర్నూలులో చినుకు జాడ లేని రోజులు. కల్లూరు మెయిన్ రోడ్డు మీద, ఒకే ఒక్క గదిలో నా అంగడి. కంప్యూటర్లు బాగుచేస్తాను. ఒక ఇంటర్నెట్ కంపెనీ తరఫున ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇస్తాను, అవి చెడితే పోయి చూస్తాను. నాకు ముందు మా వంశంలో పని కోసం ఇంకొకరి తలుపు తట్టినవాళ్లు లేరు. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో జనమే పనుల మీద మా గడపకు వచ్చేవాళ్లు. ఆ సంగతి ఇక్కడ ఎందుకంటే, అందువల్ల నాకు కొన్ని పట్టింపులు మిగిలాయి. ఇస్త్రీ లేని చొక్కాతో పనికి పోను. కస్టమర్ ఇంట్లో కాఫీ గాని మజ్జిగ గాని ముట్టను. సందెదీపం పెట్టే వేళ ఇంకొకరి ఇంటికి పని మీద అడుగుపెట్టను. "నెట్టోడు వచ్చినాడు" అని ఎవరైనా లోపలికి కేకేస్తే, ఎవరు వచ్చారో సరిగా చెప్పమని గడప బయటే నిలబడతాను.

ఈ పనిలో వైర్లతో నాకు పేచీ లేదు. ఫైబర్ ఎక్కడ తెగిందో చెప్పే పరికరం ఉంది, ఎంత దూరంలో తెగిందో మీటర్లతో సహా చూపిస్తుంది. మనుషుల దగ్గర నిజం ఎక్కడ తెగిందో చూపించే పరికరం ఇంకా రాలేదు. ఆ ఏడు ఒక ఇంటి చుట్టూ నేను తిరిగిన తిరుగుడు గుర్తొస్తే ఇప్పటికీ తల వేడెక్కుతుంది.

ఆ ఇంటివాళ్లు వ్యాపారస్తులు. ఆత్మకూరులో కిరాణా అంగడి నడిపి, ఇక్కడ కొత్త ఇల్లు కట్టుకొని వచ్చారు. పెద్దావిడ సుబ్బరత్నమ్మ. కొడుకు కర్నూలు పాతబస్తీలో హోల్‌సేల్ అంగడి చూసుకుంటాడు, రాత్రి భోజనానికి గాని ఇల్లు చేరడు. కోడలు శ్రావణి డిగ్రీ చదివి, పిల్లవాణ్ణి పెంచుతూ చాలా ఏళ్లు ఇంట్లోనే ఉండి, ఎన్నో చోట్ల ప్రయత్నించాక ఇంటినుంచే చేసే ఉద్యోగం సంపాదించుకుంది. ఆన్‌లైన్‌లో సరుకులు కొన్నవాళ్ల ఫిర్యాదులకు కంప్యూటర్లో జవాబులివ్వడం ఆమె పని. మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా షిఫ్టు. మొదటి ఆరు నెలలు పరీక్షాకాలం. ఆ కాలంలో షిఫ్టు మధ్యలో మాటిమాటికీ కనబడకుండా పోతే ఉద్యోగం ఉండదు. కంప్యూటర్ కంపెనీదే. దానికి వైఫై లేదు, పెన్‌డ్రైవ్ కూడా పెట్టనివ్వరు. నెట్టు వైరులోంచే రావాలి.

కనెక్షన్ ఇచ్చే రోజు మొదటి పేచీ వచ్చింది. ఫైబర్ వచ్చి చేరే డబ్బాను మేము ఓఎన్‌యూ అంటాం. ఫైబర్‌లో వెలుతురుగా వచ్చేదాన్ని కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చేది అదే. దాని వెనక రంధ్రాల్లో ఒకదానికి ల్యాన్ కేబుల్, అంటే కంప్యూటర్‌కు పోయే తీగె, తగిలిస్తాం. ఫోన్లకు అదే డబ్బా వైఫై ఇస్తుంది. నేను దాన్ని హాల్లో గోడకు బిగించబోతుంటే సుబ్బరత్నమ్మ అడ్డం వచ్చింది.

"ఈడ వద్దప్పా. దేవునింట్లో పెట్టు."

"దేవునింట్లో ఎందుకమ్మా? నూనె జిడ్డు, ఊదుబత్తి పొగ. డబ్బా పాడైపోతుంది."

"కోడలి జీతం వచ్చేది దాంట్లోనించే కదా. లక్ష్మి వచ్చే దారిని టీవీ పక్కన పెడతామా ఎవరైనా? దేవునింట్లోనే పెట్టు."

వాదించడం నా మర్యాదకు తక్కువ. దేవునింట్లో, పటాలకు పక్కనున్న కడప బండ అరమీద డబ్బా పెట్టాను. తీగెను కిటికీలోంచి మిద్దెమీద శ్రావణి గదికి లాగాను. పోయేముందు ఇంట్లో అందరినీ నిలబెట్టి, "ఈ డబ్బాను ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నా బాధ్యత లేదు" అన్నాను. ఆ మాట మా తాత పంచాయితీల్లో చెప్పే గొంతుతోనే వచ్చిందని తర్వాత మా అమ్మ నవ్వింది, నేను ఇంట్లో ఆ ముచ్చట చెబితే.

కొన్ని వారాలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం శ్రావణి ఫోను.

"సార్, నెట్టు పోయింది. షిఫ్టులో ఉన్నా."

"ఫోనుకు వైఫై వస్తోందా?"

"ఫోనుకు వస్తాది సార్. కంప్యూటర్‌కే రాలేదు."

"కంప్యూటర్ వెనక, తీగె గుచ్చినచోట, చిన్న లైటు మిణుకుతోందా చూడమ్మా."

"లేదు సార్. ఆరిపోయి ఉండాది."

దాన్ని లింక్ లైటు అంటారు. అది ఆరిందంటే తీగె అటు చివర్నో ఇటు చివర్నో అందడం లేదని అర్థం. "కింద డబ్బా చూసి రామ్మా" అన్నాను.

"అత్త పూజలో ఉండాది సార్. మడి. ఇప్పుడు దేవునింట్లోకి ఎవరూ పోగూడదు. ఉండండి అడుగుతా." మెట్ల మీదనుంచి కేక వినబడింది. "అత్తా, ఆ డబ్బాలో లైట్లు వెలుగుతాండాయా?"

కిందినుంచి జవాబు. "వెలుగుతాండాయే! పచ్చగా వెలుగుతాండాయి!"

మర్నాడు పొద్దున్నే పోయాను. డబ్బా లైట్లు పచ్చగా ఉన్నాయి. తీగె గట్టిగా ఉంది. మిద్దెమీద లింక్ లైటు మిణుకుతోంది. పింగ్ కొట్టాను, అంటే ఒక చిన్న సందేశం పంపి తిరిగి వస్తుందో లేదో చూశాను. ఒక్కటీ తప్పకుండా అన్నీ తిరిగొచ్చాయి. అయినా తీగె రెండు చివర్ల ప్లగ్గులు కత్తిరించి కొత్తవి క్రింప్ చేశాను. ఎనిమిది సన్నని తీగెలను వరసలో పేర్చి ప్లగ్గులో నొక్కి బిగించడమే క్రింపింగ్. "ఎవరైనా డబ్బాను ముట్టుకున్నారా?" అని అడిగాను.

"మేమెందుకు ముట్టుకుంటామప్పా? నువ్వు అంత గట్టిగా చెప్పిపోతివి" అంది సుబ్బరత్నమ్మ. "ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగు."

"వద్దమ్మా. పనిలో తాగను."

మళ్లీ మూడు నాలుగు రోజులకే సాయంత్రం ఫోను. మళ్లీ లింక్ లైటు ఆరింది. మళ్లీ ఫోన్లకు నెట్టు ఉంది, మళ్లీ పెద్దావిడ పూజలో ఉంది, మళ్లీ డబ్బా పచ్చగా వెలుగుతోంది. మళ్లీ మర్నాడు నేను పోయేసరికి అంతా నిక్షేపంగా ఉంది. ఈసారి తీగె మొత్తం మార్చాను. తర్వాతి సారి డబ్బాలో రంధ్రం మార్చాను. ఆపైన ఎలుకలేమోనని కిటికీ దగ్గర తీగెకు ప్లాస్టిక్ గొట్టం తొడిగాను. శ్రావణి ఆఫీసువాళ్లు కంప్యూటర్‌దే తప్పనుకొని కొరియర్‌లో ఇంకోటి పంపారు. అదీ వారం తిరక్కుండా సాయంత్రం పూట చచ్చి, పొద్దున్నే బతికింది.

వేసవి తగ్గని రోజులు కదా, చీకటి పడే వేళ వీధి లైట్లు వేసి, ప్రతి ఇంట్లో కూలర్లు తిరిగి, వోల్టేజీ పడిపోతుందని అనుకున్నాను. డబ్బాకు చిన్న యూపీఎస్ పెట్టించాను. వోల్టేజీ పడితే డబ్బా మొత్తం ఆరాలి, ఫోన్లకూ నెట్టు పోవాలి, ఒక్క తీగె మాత్రమే చచ్చిపోదు. ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు. తెలిసీ పెట్టించాను. దిక్కు తోచనప్పుడు చేతులు ఊరికే ఉండవు.

శ్రావణి భర్త అంగడినుంచి ఫోను చేశాడు. "ఏమన్నా, నీతో కాదంటే చెప్పు, వేరే కంపెనీ నెట్టు వేయించుకుంటాం. నా భార్య రోజూ ఏడుస్తాంది."

"నాతో కాదని ఇంతవరకూ ఎవరితోనూ అనిపించుకోలేదు" అన్నాను. ఫోను పెట్టేశాక చేతిలోని క్రింపింగ్ ప్లయరును బల్లమీద ఎంత గట్టిగా వేశానంటే, పక్క అంగడివాడు తొంగిచూశాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నెట్టు పోయేది సాయంత్రమే అయినా, నేను ఎప్పుడూ మర్నాడు పొద్దున్నే పోయాను. సందెవేళ ఒకరి ఇంటికి పనిమీద పోవడం మా ఇంటి పద్ధతి కాదు కాబట్టి. ఆ పద్ధతిని ఎవరి ఉద్యోగం కోసమూ మార్చుకోవాలని నాకు తోచలేదు.

ఆ రోజు శుక్రవారం. అంగడి మూసి ఇంటికొచ్చాను. మేమిప్పుడు కల్లూరులోనే ఒక పోర్షన్‌లో బాడుగకు ఉంటాం, నేనూ మా అమ్మా. అమ్మ దీపం పెట్టి వాకిట్లో కూర్చుంది. నా ఫోను మోగింది. శ్రావణి. ఏడుస్తోంది.

"సార్, మళ్లా పోయింది. మేనేజరు ఫోను చేసినాడు. గంటలో లాగిన్ కాకపోతే రేపటినించి రానక్కర్లేదన్నాడు సార్. కంప్యూటర్ మార్చిచ్చినాం, ఇంక మీ ఇంట్లోనే ఉండాది తప్పు అంటాన్నాడు. నేనేం చేసేది సార్?"

సరిగ్గా అప్పుడే పక్క పోర్షన్ ఆమె చిన్న గిన్నె పట్టుకొని వచ్చింది. "పెద్దమ్మా, రోంత పెరుగు ఇయ్యవా, పాలు తోడెయ్యాల."

"దీపం పెట్టినానమ్మా" అంది మా అమ్మ. "అందులోనూ శుక్రవారం. పొద్దున్నే వచ్చి ఎంత కావాలంటే అంత తీసుకపో."

చేతిలో ఫోను, చెవిలో ఆ పిల్ల ఏడుపు, ఎదురుగా ఒక చెంచా పెరుగు మీద ఈ పట్టుదల. నాకు ఒళ్లు మండింది. ఫోనును చేత్తో మూసి, "ఇయ్యరాదా అమ్మా! ఇంకా ఏం మిగిలిందని మనింట్లోనించి పోవడానికి?" అని అరిచాను.

మా అమ్మ వీపు నిటారుగా పెట్టి నా వైపు చూసింది. "ఏం మాట్లాడుతాండావు రా? మీ నాయన ఉన్నన్నాళ్లూ మంగళవారం, శుక్రవారం దీపం పెట్టినాక మనింట్లోనించి ఉప్పుగల్లు బయటికి పోలేదు."

నిజమే. మా చేలన్నీ రిజిస్ట్రారు ఆఫీసులో బుధవారం, గురువారమే చేతులు మారాయి. నాయన మంగళవారం గాని శుక్రవారం గాని ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

మంగళవారం. శుక్రవారం.

ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టాను. "శ్రావణమ్మా, మొన్న నెట్టు పోయింది ఏ వారం?"

"మంగళవారం సార్."

"అంతకు ముందు?"

"శుక్రవారమే సార్. మావాడి బడి విడిచినాక పోయింది, గుర్తుండాది."

"మీ అత్త దీపం పెట్టిందా?"

"అర్ధగంట అయింది సార్. ఎందుకు?"

"ఏం లేదు. నేను వస్తున్నాను."

"ఇప్పుడా సార్? మీరు సందెవేళ రారు కదా?"

బండి తీశాను. దారిలో షేర్ ఆటోలు రోడ్డంతా పరుచుకొని నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని దాటేసరికి ప్రాణం విసిగింది.

ఇంటి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. దేవునింట్లో దీపం వెలుగుతోంది. సుబ్బరత్నమ్మ గుమ్మంలో పీటమీద కూర్చొని ఉంది. ఆమె వెనక అరమీద డబ్బా పచ్చగా వెలుగుతోంది. దాని పక్కన ఇత్తడి తట్టలో, చెదరకుండా చుట్టిపెట్టి, నేను లాగిన ల్యాన్ కేబుల్ కొస ఉంది. ప్లగ్గు కిందపడి దుమ్ము పట్టకూడదని తమలపాకు మీద పెట్టింది. దానికి కుంకుమ బొట్టు కూడా ఉంది.

"అమ్మా, ఆ తీగె ఎవరు పీకినారు?"

"నేనే" అంది, ఇందులో అడగవలసింది ఏముందన్నట్టు.

"నేను ఎన్నిసార్లు అడిగినాను! ఎవరూ ముట్టుకోలేదంటిరే!"

"డబ్బాను ముట్టుకున్నారా అని అడిగితివి. డబ్బా మీద నా చెయ్యి పడలేదప్పా, ఆ దేవుని ముందరే చెప్తాండా. తీగె కొస పట్టుకొని పీకుతా, పొద్దున్నే కల్లాపి చల్లినాక మళ్లా పెడతా. ఒక్కరోజు మరచిపోలేదు."

"ఎందుకు పీకుతారు?"

"మంగళవారం, శుక్రవారం దీపం పెట్టినాక దుడ్లు గడప దాటొచ్చునా? మీ ఇంట్లో ఈ ఆచారం లేదా?"

లేదని ఎట్లా అంటాను? ఆమే చెప్పుకుపోయింది. అంగడికి సెలవై కొడుకు ఇంట్లో ఉన్న ఒక శుక్రవారం, దీపం పెట్టగానే అతని ఫోను టింగుమందట. ఏందిరా అంటే, బ్యాంకులోంచి దుడ్లు కట్టయినాయమ్మా, అది దానంతటదే పోతాది అన్నాడట. దానంతటదే ఎట్లా పోతుందని ఆమె ఆలోచించింది. జీతం వచ్చేది ఈ తీగెలో అయితే, పోయేదీ ఈ తీగెలోనే.

"బ్యాంకు కంప్యూటర్ యాడనో ఉంటాదమ్మా" అన్నాను. కోపం వస్తే నాకూ ఊరి మాటే వస్తుంది. "మీ దుడ్లు మీ ఇంట్లో లేవు. బ్యాంకులో ఉన్నాయి. తీగె పీకినా పోతాయి, పీకకున్నా పోతాయి."

"బ్యాంకులో ఉండేది మాదే కదా?"

"మీదే."

"మరి మాది పోతే మా ఇంట్లోనించి పోయినట్టే కదా?"

సర్వర్ అంటే ఏమిటో చెప్పాను. ఆటోపే అంటే నెలనెలా కట్టాల్సింది బ్యాంకే తనంతట తాను కట్టేయడమని చెప్పాను. ఆమె ఓపికగా విని, "పీకినప్పటినించి మళ్లా నాకు ఆ టింగు వినపడలేదు" అంది. ఇంటర్నెట్ గురించి నాకు తెలిసినదంతా ఆ పీట ముందర ఎందుకూ కొరగాలేదు. చెయ్యి చాపి తీగె నేనే గుచ్చేద్దామనుకున్నాను. కానీ ఆమె మడిలో ఉంది, నేను బయటినుంచి వచ్చిన మనిషిని. ఆ గుమ్మం దాటడం నా చేత కాలేదు.

అప్పటికే శ్రావణి మెట్ల మీద నిలబడి అంతా వింది. "అత్తా, నువ్వా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇంకో అర్ధగంటలో నా ఉద్యోగం పోతాది, తెలుసునా నీకు?"

సుబ్బరత్నమ్మ ముఖం పాలిపోయింది. "పోవడమేంది? నీ జీతం ఇంట్లో నిలవాలనే కదమ్మా నేను పీకింది! ఈ వీధి ఆడోళ్లకంతా చెప్పుకున్నా, నా కోడలు ఇంట్లో కూచొని సంపాదిస్తాదని."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను వీధి తలుపు వైపు చూశాను. బయట చీకటి పడింది, దోమలు లోపలికి వస్తున్నాయి. అయినా తలుపు బార్లా తెరిచే ఉంది. మా అమ్మ కూడా అంతే. ఎంత చలిలోనైనా దీపం పెట్టాక కాసేపు తలుపు మూయనివ్వదు.

"అమ్మా, ఆ తలుపు ఎందుకు తీసిపెట్టినారు?"

"ఇదేం ప్రశ్నప్పా! సందెవేళ తలుపేస్తారా ఎవరైనా? లక్ష్మి వచ్చే వేళ."

"డబ్బా పెట్టే రోజు మీరు నాతో ఏమన్నారు? లక్ష్మి వచ్చే దారి ఇదే అనలేదూ?"

ఆమె అవునని తలూపింది.

"ఆ తలుపు తీసిపెట్టి, ఈ తలుపు మూస్తాండారు. వారానికి రెండుసార్లు, సరిగ్గా ఆమె వచ్చే వేళకు."

సుబ్బరత్నమ్మ తట్టలోని తీగెను చూసింది. తర్వాత కోడలిని చూసింది. "అయ్యో" అంది, చాలా మెల్లగా. ఆ గొంతులో నిజమైన భయం వినిపించింది. లేచి చెయ్యి కడుక్కొని, తీగె కొస రెండు చేతులతో పట్టుకొని రంధ్రంలో పెట్టింది. టిక్కుమంది. డబ్బా మీద ఆరిన లైటు వెలిగింది. శ్రావణి మెట్లెక్కి పరుగెత్తింది. మేమిద్దరం పైకి చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి టకటకా కీబోర్డు చప్పుడు మొదలైంది. ఆగకుండా సాగింది.

సుబ్బరత్నమ్మ కుంకుమ భరిణె తీసింది.

"తీగె మీద పెట్టుకోండమ్మా" అన్నాను. "రంధ్రంలో మాత్రం వద్దు."

బొట్టు పెట్టాక నా వైపు తిరిగింది. "మజ్జిగ తాగిపో అప్పా."

"శుక్రవారం దీపం పెట్టినాక మజ్జిగ ఇస్తారా?"

"ఇంట్లోనే తాగితే బయటికి పోయినట్టెట్లా? ఇంత చదివినావు, ఆ మాత్రం తెలీదా?"

కూర్చొని తాగాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

శ్రావణి ఉద్యోగం నిలిచింది. ఆరు నెలలు నిండాక ఆఫీసువాళ్లు ఆమెను ఖాయం చేశారు. ఆ కబురు నాకు ముందుగా చెప్పింది సుబ్బరత్నమ్మే, కోడలి ఫోను లాక్కొని. కొడుకు తన ఫోనుకు బ్యాంకు టింగులు వినపడకుండా చేసుకున్నాడట. అది కూడా ఒక రిపేరే.

ఇన్నేళ్ల పనిలో నాకు ఎక్కువ నేర్పిన కేసు ఇదే. తప్పు వెతకడానికి తీగె పొడుగునా తిరిగాను గాని, అది ఏ వారం, ఏ వేళకు జరుగుతోందని అడగలేదు. ఆ ఆచారం నాకు తెలియక కాదు. నేను పుట్టిన ఇంట్లోదే, రోజూ నా వాకిట్లో జరిగేదే. "ముట్టుకున్నారా?" అని తాత గొంతుతో అడిగితే ఏ ఇంట్లోనైనా లేదనే అంటారు. అందుకే ఇప్పుడు కొత్త కనెక్షన్ ఇవ్వడానికి పోతే, డబ్బా ఎక్కడ పెట్టాలని మొదట అడగను. సందెదీపం ఎక్కడ పెడతారమ్మా, ఆ వేళ ఈ ఇంట్లో ఏమేం చేస్తారని అడుగుతాను. నెట్టు కోసం వచ్చినవాడికి ఇవన్నీ ఎందుకని కొందరు వింతగా చూస్తారు. చూడనీ. సందెవేళ తెగిందని ఫోనొస్తే ఇప్పుడు సందెవేళకే పోతాను.